ఔషధ మొక్కల ఆకులలో ఖనిజాలు, సూక్ష్మ లోహాల నిర్ధారణ: కురవి ప్రాంతపు ఎర్ర నేలల దృష్ట్యా కొన్ని మెలకువలు

మహబూబాబాద్ జిల్లా కురవి పరిసరాలలోని ఎర్ర చల్కా నేలల్లో వేప, తులసి, నేలవేము, తిప్పతీగ, వావిలి వంటి మొక్కలు చేల గట్ల మీద, బాటల వెంట పెరుగుతాయి. వీటి ఆకులలో కాల్షియం, పొటాషియం శాతాలలో ఉండగా ఇనుము, జింకు, రాగి, మాంగనీసు కిలోకు మిల్లీగ్రాములలో ఉంటాయి. సీసం, కాడ్మియం మాత్రం విషలోహాలు. ఔషధ మొక్కల ముడి పదార్థంలో ఇవి కిలోకు వరుసగా 10, 0.3 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

ఇటువంటి నేలల్లో పొరపాటు ఎక్కువగా ఇనుము అంకె దగ్గరే జరుగుతుంది. ఇదే జిల్లాలోని బయ్యారంలో ఇనుప ఖనిజ నిక్షేపాలు ఉన్న సంగతి తెలిసిందే. మట్టిలో 3 శాతం ఇనుము ఉన్నదనుకుంటే, ఒక గ్రాము ఆకు పొడిలో 10 మిల్లీగ్రాముల దుమ్ము కలిసినా ఫలితం కిలోకు సుమారు 300 మిల్లీగ్రాములు పెరుగుతుంది. ఆకు స్వతహాగా కలిగి ఉండే ఇనుము కంటే ఇది ఎక్కువ కావచ్చు. కావున కోసిన వెంటనే ఆకులను కుళాయి నీటితో, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, చివరగా స్వేదన జలంతో త్వరగా కడగాలి. నానబెడితే పొటాషియం నీటిలోకి పోతుంది. అయితే ప్రజలు కషాయానికి వాడే ఆకు ఇంత శుభ్రంగా ఉండదు. భద్రతను అంచనా వేయదలచినప్పుడు కడగని నమూనాను కూడా విడిగా పరీక్షించడం సమంజసం.

మిరప చేల పక్కన సేకరించిన ఆకులలో రాగి, జింకు, మాంగనీసు అధికంగా కనిపిస్తే అది నేల గుణమని తొందరపడరాదు. కాపర్ ఆక్సీక్లోరైడ్, మాంకోజెబ్ పిచికారీ తుంపరలు కూడా కారణం కావచ్చు.

ఆకులను 65 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టి పొడి చేయాలి. ఉక్కు గ్రైండరు నుండి ఇనుము, క్రోమియం, నికెల్ కలిసే అవకాశం ఉన్నందున అగేటు కల్వం మేలు. పొడికి ముందుగా నైట్రిక్ ఆమ్లం చేర్చి రాత్రంతా ఉంచి, తరువాతనే 9:4 నైట్రిక్-పెర్క్లోరిక్ మిశ్రమంతో వేడి చేయాలి. పెర్క్లోరిక్ ఆమ్లాన్ని నేరుగా పొడి మీద పోస్తే పేలుడు ప్రమాదం ఉంది. పొటాషియంను ఫ్లేమ్ ఫోటోమీటరుతోను, లోహాలను అటామిక్ అబ్సార్ప్షన్ స్పెక్ట్రోఫోటోమీటరుతోను కొలవాలి.

కాడ్మియం విషయంలో గణితం తప్పనిసరి. ఒక గ్రాము నమూనాను 100 మిల్లీలీటర్లకు పలుచన చేస్తే 0.3 అనే పరిమితి లీటరుకు 0.003 మిల్లీగ్రాములకు దిగిపోతుంది. జ్వాల పద్ధతిలో అది నమ్మదగిన కొలత కాదు. అదే 25 మిల్లీలీటర్లకు చేస్తే 0.012 అవుతుంది. లేనియెడల గ్రాఫైటు కొలిమి వాడాలి. పరికరం సున్నా చూపినంత మాత్రాన "కాడ్మియం లేదు" అని రాయరాదు. గుర్తింపు పరిమితిని పేర్కొని "అంతకంటే తక్కువ" అని నమోదు చేయాలి. ప్రతి విడతలోను ఆకు పొడి లేని ఆమ్ల మిశ్రమాన్ని, విలువలు ధ్రువీకరించిన ప్రామాణిక ఆకు పొడిని నమూనాలతో పాటే పరీక్షించాలి.