నరం దొరక్కపోతే మెడలోనే వేయాలా?

ప్రశ్న: అమ్మకు షుగర్ ఉంది. వాంతులు, విరేచనాలతో ఎమర్జెన్సీకి తీసుకెళ్తే రెండు చేతులూ గుచ్చీ గుచ్చీ నరం దొరకలేదన్నారు. చివరికి మెడ దగ్గర పైపు వేశారు. అది తప్పనిసరా డాక్టరుగారూ?
– ఓ పాఠకురాలు, గద్వాల

జవాబు: ప్రతిసారీ తప్పనిసరి కాదమ్మా. అలాగని తప్పూ కాదు. ఒంట్లో నీరు తగ్గితే సిరలు (మీరన్న నరాలు) అతుక్కుపోతాయి. రెండుసార్లు గుచ్చినా దొరక్కపోతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మోచేతి పైన లోతు సిరలో వేయడం మేలు. మామూలు క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) పొడవు మూడు సెంటీమీటర్లే. అక్కడ దాని కొస మాత్రమే సిరలో ఉంటుంది. చెయ్యి కదిలితే జారి, సెలైన్ బయటికి పోయి చెయ్యి వాస్తుంది. అందుకే ఐదారు సెంటీమీటర్లది కావాలి. రోజుల తరబడి మందులెక్కించాలంటే మిడ్‌లైన్ (చేతి సిరలో వేసే ఇంకా పొడవాటి గొట్టం) నయం. తొందరపనికి అది కుదరదు.

బీపీ బాగా పడిపోయి (షాక్) ప్రాణం మీదికొస్తే మోకాలి కింద ఎముకలోకి సూది దించుతారు. చూసేవాళ్లకు గుండె జారుతుంది గానీ, నిమిషంలో మందు రక్తంలో కలుస్తుంది. దాన్ని 24 గంటల్లో తీసేయాలి. బీపీ నిలబెట్టే మందులు ఎక్కువసేపు నడవాలంటే మెడ పైపే సరైనది. ఇన్ఫెక్షన్ భయం ఉంది కనుక అవసరం తీరగానే తీయించాలి.

మీ చుట్టుపక్కల వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటి ఆసుపత్రుల్లో దేనికెళ్లినా “స్కాన్‌లో చూసి వేస్తారా?” అని అడగండి. చేతికి డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం సిరను ధమనితో కలిపిన చోటు) ఉన్నవాళ్లయితే ఆ సంగతి ముందే చెప్పి, ఆ చేతికి సూది వేయనివ్వకండి.