ముందస్తు దరఖాస్తు – మాట విలువ

ఉన్నత విద్యను అభిలషించే విద్యార్థికి కళాశాలను ఎన్నుకోవడం కీలకమైన ఘట్టం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ప్రసిద్ధ కళాశాలలకు వచ్చే దరఖాస్తులు అక్కడి సీట్లకంటే ఎన్నో రెట్లు అధికం. వీటిలో సాధారణ దరఖాస్తుల గడువు ఎక్కువగా జనవరి మొదటి రోజులలో ముగుస్తుంది. అంతకు ముందే, ప్రాయికంగా నవంబరు 1 లేదా 15 నాటికి, దరఖాస్తు చేసుకొనే పద్ధతులు రెండున్నాయి.

మొదటిది ఎర్లీ డెసిషన్. సీటు లభిస్తే తప్పక చేరుతానని విద్యార్థి ఒకే ఒక కళాశాలకు మాట ఇస్తాడు. ఆ ఒప్పందంపై తల్లిదండ్రులు, పాఠశాల సలహాదారు కూడా సంతకం చేస్తారు. రెండవది ఎర్లీ యాక్షన్. దీనిలో అటువంటి కట్టుబాటు లేదు. సీటు ముందుగా లభించినా, విద్యార్థి సాధారణంగా మే 1 వరకు ఆలోచించుకొని తన నిర్ణయాన్ని తెలుపవచ్చు.

ఈ భేదం చిన్నది కాదు. దశరథుడు కైకేయికి ముందు వరాలిచ్చాడు. వాటి వెల ఎంతో తరువాత తెలుసుకొన్నాడు. ఎర్లీ డెసిషన్‌లోనూ మాట ముందు, లెక్క తరువాత. ఆర్థిక సహాయం చాలకపోతే ఒప్పందం నుండి విడుదల కోరవచ్చు. కాని వేర్వేరు కళాశాలలు ఇవ్వజూపే సహాయాన్ని పోల్చి చూచుకొనే అవకాశం ఆ విద్యార్థికి ఉండదు. సంపన్నునికి ఇది లోటుగా తోచదు. సామాన్య కుటుంబానికి ఆ పోలికే ఆధారం.

ఈ కారణంగానే యేల్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలు కట్టుబాటు గల పద్ధతిని విడిచిపెడుతున్నట్లు 2002లో ప్రకటించాయి. ముందస్తు విధానం కలవారికే మేలు చేస్తున్నదంటూ హార్వర్డ్ 2006లో దానిని పూర్తిగా రద్దు చేయ నిశ్చయించింది, ప్రిన్‌స్టన్ అనుసరించింది. 2011లో రెండూ కట్టుబాటు లేని రూపంలో దానిని పునరుద్ధరించాయి. నేడు ఈ నాలుగింటిలోనూ ఒక పరిమితి ఉంది: ఇక్కడ ముందుగా దరఖాస్తు చేసినవారు ఇతర ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు ముందస్తు దరఖాస్తు చేయరాదు.

స్వేచ్ఛ ఉన్నచోట బాధ్యత కూడా ఉంటుంది. నవంబరు నాటికే వ్యాసాలు, ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు సిద్ధం కావాలి. తగిన సన్నద్ధత లేనివారు సాధారణ గడువు వరకు ఆగడమే మేలు. వేరొక కళాశాలలో చేర నిశ్చయించుకొన్నవారు మొదటి కళాశాలకు వెంటనే తెలపాలి. ఆ సీటు కోసం మరొకరు నిరీక్షిస్తూ ఉంటారు.

విదేశాలలో డిగ్రీ చదువ దలచిన ఇంటర్మీడియట్ విద్యార్థికి ఈ గడువు రెండవ సంవత్సరం మధ్యలోనే వస్తుంది. వార్షిక పరీక్షలు అప్పటికి ఇంకా ముందే ఉంటాయి. సీటు వచ్చిందని చదువును నిర్లక్ష్యం చేస్తే, మార్కులు బాగా తగ్గినప్పుడు కళాశాల తన నిర్ణయాన్ని ఉపసంహరించుకోవచ్చు. తొందరగా అడగడం తప్పు కాదు. తొందరపడి మాట ఇవ్వడమే ప్రమాదం.

ప్రశ్నలు
1. రెండు ముందస్తు పద్ధతుల మధ్య భేదాన్ని వివరించండి.
2. దశరథుని ప్రస్తావన ఈ పాఠానికి ఎలా అన్వయిస్తుంది?