క్రాసింగు వేరు, జన్యు ఇంజనీరింగు వేరు

 

నేను హాస్టలుకు వచ్చినప్పుడల్లా ఎవరో ఒక చెల్లి "హైబ్రిడ్ అన్నా బీటీ అన్నా ఒకటే కదక్కా?" అని అడుగుతుంది. మా ఊళ్ళో పెద్దవాళ్ళదీ అదే ప్రశ్న. ఈ రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలియడం పరీక్షలో నాలుగు మార్కుల కోసమే కాదు. మన ఇళ్ళల్లో అప్పు తెచ్చి కొనే విత్తనం ప్యాకెట్టులో ఏముందో తెలియడానికి కూడా అవసరం. కాబట్టి మనం ఎరిగిన వరి, పత్తి పంటలతోనే దీన్ని అర్థం చేసుకుందాం.

వరణం, సంకరణం

పొలంలో బాగా పండిన వెన్నులను ఏరి, వచ్చే ఏడాది విత్తనానికి దాచడం మన అవ్వలకు తెలిసిన పనే. శాస్త్రంలో దీన్ని వరణం అంటారు. వేల ఏళ్ళుగా మనిషి ఇలా ఏరుకుంటూ రావడం వల్లే అడవి గడ్డి మొక్కలు వరి, గోధుమ పంటలయ్యాయి. 'జన్యువు' అనే మాట పుట్టకముందే ఈ పని జరిగింది. అయితే ఏరుకోవాలంటే ఆ మంచి గుణం పొలంలో ముందే ఉండాలి. ఒక మొక్కలో ఒక గుణం, ఇంకో మొక్కలో ఇంకో గుణం ఉంటే రెంటినీ కలపాలి. అదే సంకరణం.

ఈ పాఠం నడిగడ్డ ఆడపిల్లలకు కొత్త కాదు. సీడు పత్తి చేలలో చేసే క్రాసింగు ఇదే. సాయంత్రం ఆడ వరుసలోని మొగ్గ విప్పి కేసరాలు తీసేస్తారు. మరునాడు పొద్దున మగ వరుసలోని పువ్వు తెచ్చి, దాని పుప్పొడిని కీలాగ్రానికి రాస్తారు. మనలో కొందరం బడి మాని ఆ పనికి పోయినవాళ్ళమే. పుస్తకంలో 'విపుంసీకరణ' అనే మాట కనిపిస్తే భయపడకండి. అది మన వేళ్ళకు ఎప్పుడో వచ్చిన పని. ఇక దాన్ని పుస్తకంలో నేర్చుకుందాం, బడి మాని చేలో కాదు.

వరిలో ఉదాహరణ సాంబ మసూరి, అంటే బీపీటీ 5204. ఇది బాపట్లలో తయారై 1986లో విడుదలైంది. దాని పుట్టుకలో జీఈబీ 24, తైవాన్‌కు చెందిన తైచుంగ్ నేటివ్ 1, మలేషియా నుంచి వచ్చిన మసూరి అనే మూడు రకాలున్నాయి. మూడూ వరే కాబట్టి కలపడం వీలయింది. అయితే సంకరణంలో వేల జన్యువులు ఒక్కసారిగా కలిసిపోతాయి. కావలసిన గుణాలతో పాటు అక్కరలేనివీ వస్తాయి. వాటిని తీసేయడానికి తరం తర్వాత తరం పెంచి ఏరాలి. అందుకే ఏళ్ళు పడుతుంది.

జన్యు ఇంజనీరింగు

కాయతొలుచు పురుగును చంపే గుణం పత్తి జాతిలోనే దొరకకపోతే ఏం చేయాలి? మట్టిలో ఉండే బాసిల్లస్ తురింజెన్సిస్ అనే బాక్టీరియా ఆ పురుగులను చంపే ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. దాని పేరులోని మొదటి అక్షరాలే 'బీటీ'. బాక్టీరియాకూ పత్తికీ క్రాసింగు కుదరదు. కాబట్టి ఆ ఒక్క జన్యువునే తీసి పత్తిలో పెట్టారు. ఇలాంటి పనికి దారి వేసినవారు అమెరికా శాస్త్రవేత్తలు స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్. బయటి జన్యువును ప్లాస్మిడ్‌లో అతికించి బాక్టీరియాలోకి పంపే పద్ధతిని వారు 1973లో చూపించారు. షుగరు రోగులు వాడే ఇన్సులిన్‌ను బాక్టీరియాతో తయారుచేయడం కూడా ఈ పద్ధతి వల్లే సాధ్యమైంది.

ఇందులోని మెట్లు ఇవి:
1. రెస్ట్రిక్షన్ ఎంజైము అనే కత్తెరతో డీఎన్‌ఏను కోయడం.
2. లైగేజ్ అనే జిగురుతో ఆ జన్యువును ప్లాస్మిడ్‌లో అతికించడం.
3. ఆగ్రోబాక్టీరియం ద్వారా దాన్ని మొక్క కణంలోకి పంపడం.
4. కణజాల వర్ధనంతో ఆ కణం నుంచి పూర్తి మొక్కను పెంచడం.

మన దేశంలో బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ప్రయోగశాలలో బీటీ జన్యువును పెట్టింది కోకర్ 312 అనే అమెరికా పత్తి రకంలో. దాని నుంచి మన దేశపు రకాల్లోకి తెచ్చింది మళ్ళీ మామూలు క్రాసింగుతోనే. అంటే జన్యు ఇంజనీరింగు వచ్చినా సంకరణం అవసరం తీరిపోలేదు.

ముఖ్యమైన తేడాలు

1. సంకరణంలో జన్యువులు ఒకే జాతి నుంచి గానీ దగ్గరి బంధు జాతుల నుంచి గానీ వస్తాయి. జన్యు ఇంజనీరింగులో ఏ జీవి నుంచైనా తేవచ్చు.
2. సంకరణంలో వేల జన్యువులు కలుస్తాయి. జన్యు ఇంజనీరింగులో ఎంచుకున్న ఒకటి రెండు జన్యువులే చేరతాయి.
3. బయటి జన్యువున్న పంటను కేంద్ర ప్రభుత్వ కమిటీ పరీక్షించి అనుమతించాలి. మామూలు సంకర రకాలకు ఆ అనుమతి అక్కరలేదు.

ఈ రెంటి మధ్య ఇంకో దారి ఉంది. సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు ఎక్కువ. హైదరాబాద్ శాస్త్రవేత్తలు వేరే వరి మొక్కల నుంచి మూడు నిరోధక జన్యువులను క్రాసింగుతోనే అందులోకి తెచ్చారు. ఏ పిల్ల మొక్కకు ఆ జన్యువులు వచ్చాయో డీఎన్‌ఏ గుర్తులతో కనిపెట్టారు. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. అది జన్యుమార్పిడి పంట కాదు. 2025 మేలో ప్రకటించిన 'కమల' వరి కూడా సాంబ మసూరి నుంచి వచ్చినదే. దానిలో బయటి జన్యువు లేదు, వరి సొంత జన్యువునే సవరించారు.

ఇంట్లో చెప్పవలసినవి

సాంబ మసూరి హైబ్రిడ్ కాదు. దాని విత్తనం దాచి మళ్ళీ వేసుకోవచ్చు. హైబ్రిడ్ గింజలు దాచి వేస్తే రెండో తరంలో గుణాలు విడిపోతాయి. బీటీ జన్యువు ఒక్కటే ఉండి, అది తల్లి, తండ్రి మొక్కల్లో ఒకదాని నుంచే వస్తే, రెండో తరంలో నాలుగు మొక్కల్లో ఒకదానికి అది ఉండదు. ఇది మెండల్ చెప్పిన 3:1 లెక్క. విత్తనం మొలవకుండా ఎవరో మందు పెట్టారనడం నిజం కాదు.

బీటీ అన్ని పురుగులనూ చంపదు. పచ్చదోమ, తెల్లదోమ దానికి లొంగవు. గులాబీ రంగు పురుగైతే రెండు బీటీ జన్యువులున్న పత్తిని కూడా తట్టుకోవడం నేర్చింది. ఇక గడ్డిమందు కొట్టినా చావదని చెప్పి చాటుగా అమ్మే పత్తికి మన దేశంలో అనుమతి లేదు. బిల్లు లేని ఆ విత్తనంతో పంట పోతే అడగడానికి దిక్కుండదు.

చెల్లెళ్లారా! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ లేబుల్ చదవగలిగేది మీరొక్కరే. ఈసారి నాన్న విత్తనం తెచ్చినప్పుడు మూడు సంగతులు అడగండి: ఇది హైబ్రిడా, మామూలు రకమా? ఇందులో బయటి జన్యువుంటే అది ఏ పురుగు మీద పనిచేస్తుంది? దీనికి బిల్లు ఉందా? జవాబు లేబుల్ మీద ఉంటే చదివి వినిపించండి. లేకపోతే ఆ ప్యాకెట్టు విప్పకముందే చెప్పండి.

– పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ (జన్యుశాస్త్రం)