కొరియా లిపియందలి విడి అక్షరములు

కొరియా దేశస్థులు తమ భాషను వ్రాయు లిపికి హంగుల్ అని పేరు. పూర్వము వారు చీనా లిపితోనే వ్రాతపనులు జరుపుకొనుచుండిరి. ఆ లిపిని నేర్చుటకు ఏండ్లు పట్టుటచే సామాన్యజనులకు చదువు అందని పండుగా నుండెను. సేజోంగ్ అను రాజు 1443లో 28 అక్షరములుగల క్రొత్త లిపిని కల్పించి, 1446లో ప్రకటించెను. వానిలో నాలుగు కాలక్రమమున వాడుక తప్పగా, నేడు 14 హల్లులును 10 అచ్చులును నిలిచియున్నవి. ఈ విడి అక్షరములకు జామోలని పేరు.

మనము క అను అక్షరమునకు గుడి చేర్చి కి అని వ్రాయుదుము గదా! కొరియావారును జామోలను వరుసగా పేర్చక, ఒక్కొక్క పలుకునకు చెందిన వానిని ఒక చదరములో కూర్చెదరు. ‘హన్’ అని వ్రాయవలెనన్న ‘హ్’ ఎడమను, ‘అ’ కుడిని, ‘న్’ ఆ రెంటి క్రిందను ఉండును. మూడును కలిసి ఒక్క గడిలో ఇముడును.

కంప్యూటరునకు అక్షరముల రూపము తెలియదు, సంఖ్యలే తెలియును. కావున ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య నిర్ణయింపవలెను. 1987లో దక్షిణ కొరియా ప్రభుత్వ ప్రమాణముగా వెలువడిన పట్టికలో 2,350 చదరములకు మాత్రమే సంఖ్యలుండెను. తక్కినవానికి చోటు లేదయ్యెను. తన పేరులో అట్టి పలుకు గలవాడు స్వంత పేరునే సరిగా వ్రాసికొన వీలులేక పోయెను. సామాన్యుల కొరకు పుట్టిన లిపికి ఇది చిన్న లోపము కాదు.

1996లో వెలువడిన యూనికోడ్ రెండవ కూర్పు ఈ లోపమును తీర్చెను. చదరమున మొదట నిలువదగిన హల్లులు జంటహల్లులతో గూడ 19. నడుమ నిలుచు అచ్చులు సంయుక్తములతో గూడ 21. చివర నిలుచునవి 27, చివర ఏమియు లేకుండుటయు ఒక విధమే గనుక 28. ఈ మూటిని గుణించిన 11,172 వచ్చును. అన్ని చదరములకును 44032 మొదలుకొని వరుసగా సంఖ్యలు కలవు. విద్యార్థులారా, ‘హన్’ సంఖ్యను మీరే కట్టి చూడుడు. సున్న మొదలు లెక్కింపగా ‘హ్’ 18వది, ‘అ’ సున్న, చివరి ‘న్’ 4వది. 18ని 21తో గుణించి, అచ్చు సంఖ్యయగు సున్నను కలిపి, 28తో గుణించి, 4 కలిపిన 10,588. దానికి 44,032 చేర్చిన 54,620. ఇదియే ‘హన్’ సంఖ్య.

ఇక విడి అక్షరముల మాట. యూనికోడ్‌లో ‘న్’ ఒకటికంటె ఎక్కువ చోట్ల కనబడును. చదరము మొదట నిలుచు ‘న్’ 4354. చివర నిలుచునది 4523. ఒంటరిగా నిలుచునది 12596. మొదటి రెండును కలయిక కొరకు ఏర్పడినవి. 4370, 4449, 4523 అను సంఖ్యలను ప్రక్కప్రక్కన ఉంచినచో అవి తమంతట ‘హన్’ అను చదరముగా కూడుకొనును. ఒంటరి ‘న్’ మాత్రము ఎన్నడును పొరుగువానితో కలియదు. కావున వ్యాకరణ గ్రంథములో ఒక అక్షరమును చూపదలచినవారు 12596నే వాడవలెను. కొరియా యువకులు నవ్వును తెలుపుటకు ‘ఖ్’ అను హల్లును పలుమార్లు వ్రాయుటయు ఈ ఒంటరి అక్షరములతోనే. మన గుడి గుర్తును హల్లు లేక వ్రాసినచో చుక్కల వలయము కనబడునట్లు, అక్కడను తగని అక్షరము వాడినచో వ్రాత చెడును.

అట్లయిన కలయు జామోలతో పనియేమని చదువరులు అడుగవచ్చును. వాడుక తప్పిన నాలుగు అక్షరములు గల పలుకులు ఆ 11,172లో లేవు. ప్రాచీన గ్రంథములను ఉన్నదున్నట్లు ఎక్కింపవలెనన్న కలయు జామోలే శరణ్యము. వానిలో ఒక అచ్చు జేజు ద్వీపపు భాషను వ్రాయుటయందు నేటికిని కానవచ్చును. ప్రాచీన లేఖనముల కొరకు 2009లో యూనికోడ్ మరికొన్ని జామోలను చేర్చెను.

ఒక జాగ్రత్త చెప్పి ముగించెదము. 54620 అను ఒక్క సంఖ్యతో వ్రాసిన ‘హన్’, మూడు జామోలతో కూర్చిన ‘హన్’ కంటికి ఒక్కటే; యంత్రమునకు వేరు. ఒక విధముగా వ్రాసిన పేరును మరియొక విధముగా వెదకిన, ఉన్న పుస్తకము లేనట్లు తోచును. అందుచే వెదకుటకు ముందు రెంటిని ఒకే రూపమునకు తెచ్చు పద్ధతిని యూనికోడ్ వారు నియమించిరి. గ్రంథాలయ పట్టికలు వ్రాయువారు దీనిని పాటించిరేని, ఏ పేరును వెదకినవానికి దొరకకపోదు.