చేసే పనిని గీద్దాం

బొమ్మలు నేర్వాలంటే రంగులు, డ్రాయింగ్ మాస్టారు ఉండాలని మన హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది అనుకుంటారు. పెన్సిల్ ముక్క, పాత నోట్‌బుక్కులో మిగిలిన కాగితాలు చాలు.

జెశ్చర్ డ్రాయింగ్ అంటే?

ముఖం, బట్టలు, వేళ్ళు పక్కన పెట్టి, ఆ మనిషి ఏం చేస్తున్నాడో రెండు నిమిషాలలోపు గీతల్లో పట్టుకోవడమే జెశ్చర్ డ్రాయింగ్. అమెరికాలో చిత్రకళ బోధించిన కిమోన్ నికొలాయిడిస్ 'ద నేచురల్ వే టు డ్రా' అనే పుస్తకంలో దీన్ని పాఠాలుగా వివరించారు. అది ఆయన మరణానంతరం 1941లో వెలువడింది.

ఎలా గీయాలి?

1. ముందు వంపు: తల నుండి పాదం దాకా ఒకే గీత లాగాలి. తాటిచెట్టు ఎక్కిన గీత కార్మికుణ్ణి చూడండి. పాదాలు చెట్టును నొక్కుతాయి, నడుము మోకు మీద వెనక్కి వాలుతుంది. ఆ విల్లు వంపు కుదిరితే సగం బొమ్మ వచ్చినట్లే.

2. తరువాత బరువు: ఒక కాలి మీద బరువు వేసి నిలబడితే ఆ వైపు నడుము పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. 1213 నాటి రామప్ప గుడి శిల్పులకు ఈ రహస్యం తెలుసు. అక్కడి నల్లరాతి మదనికలను చూడండి.

3. సమయం: మొదట 30 సెకన్లు, తరువాత 1 నిమిషం, ఆపైన 2 నిమిషాలు. రబ్బరు వాడవద్దు. గీత తప్పితే పక్కన మరొకటి గీయండి. కబడ్డీ కూత పెట్టేవాడు, అన్నానికి ప్లేటు పట్టుకొని వరుసలో నిలబడ్డవాడు మనకు మంచి నమూనాలు. రోజుకు 10 బొమ్మలు చాలు.

ఎవరిని గీయాలి?

మనవాళ్ళనే. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం పల్లె స్త్రీలను గీసే పేరు పొందారు. ఎన్నో ప్రాజెక్టులకు మట్టి మోసిన పాలమూరు కూలీల మెడలు, వీపులు మాత్రం బొమ్మల్లో అరుదు.

మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేను. అమ్మ నాటు వేస్తుంటే గీసినప్పుడే ఆ పనిలో మోకాళ్ళు ఎంత భారం మోస్తాయో నాకు తెలిసింది. ఆ నడుము సాయంత్రానికి మళ్ళీ నిటారవుతుంది. మర్రిగూడ ప్రాంతంలో ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగినవారి వెన్ను అలా కాదు. అది కర్రలా బిగుసుకుంటుంది. మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి. పని తెచ్చిన వంపు వేరు, రోగం తెచ్చిన వంపు వేరు. గీసే కన్నుకు ఆ తేడా తెలియాలి. అలాంటి పెద్దలను అడిగి, వారు సరేనన్నాకే గీయండి.

ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల పనిని పది బొమ్మల్లో పట్టి తెండి. వచ్చే వార్షికోత్సవానికి మన హాస్టల్ గోడల మీద పెడదాం.

- ఒక పూర్వ విద్యార్థి, పి.జి.