సంధ్యవేళ చార్మినార్: ఛాయాచిత్రణమున కొక పాఠము

యాత్రకు వెళ్లినవారు ప్రసిద్ధ కట్టడముల చిత్రములు తీసికొని వచ్చుట నేడు సర్వసాధారణము. ప్రతి విద్యార్థి చేతిలోను కెమెరా గల ఫోనున్నది. అయినను తెచ్చిన చిత్రములలో పది కాలములు నిలుచునవి కొన్నియే. మన కొత్తగూడెములోని భద్రాచలం రోడ్డు స్టేషనున రైలెక్కి హైదరాబాదు చూడబోవు విద్యార్థులకు, చార్మినార్‌ను సంధ్యవేళ ఎట్లు చిత్రించవలెనో, ఎందుకు చిత్రించవలెనో తెలుపుట ఈ వ్యాసోద్దేశము.

సూర్యుడు అస్తమించిన పిమ్మట పడమట కొంతసేపు ఎరుపు నిలుచును. దానినే తెలుగున సంధ్యారాగమనియు, ఉర్దూలో షఫక్ అనియు అందుము. క్రమముగా ఆకాశము గాఢమైన నీలమగును. అదే సమయమున వీధి దీపములు వెలుగును. ఆకాశపు వెలుగు, దీపపు వెలుగు సరితూగు ఆ కొద్ది నిమిషములే మనకు కావలసినవి. అంతకు ముందు దీపము తేలిపోవును. ఆ తరువాత మినారుల అంచులు చీకటిలో కలిసిపోవును.

సూర్యుడు దిగంతమునకు 6 డిగ్రీల దిగువకు చేరువరకు ఈ సంధి కాలముండును. భూమధ్యరేఖకు చేరువైన మన సీమలో సూర్యుడు నిటారుగా దిగును గనుక హైదరాబాదులో అది సుమారు 22 నుండి 24 నిమిషములే. లండనులో ఏటవాలుగా దిగును గనుక అరగంటకు మించును. కావున విదేశీ గ్రంథములలోని లెక్కను మనము నమ్ముకొనరాదు. హైదరాబాదులో సూర్యాస్తమయము నవంబరు చివర సుమారు 5.40కి, జూలై ఆరంభమున 6.55కి దగ్గరగా ఉండును. ఒక గంట ముందే చేరి స్థలము నిర్ణయించుకొనవలెను.

ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో నిర్మించిన ఈ కట్టడపు నాలుగు కమానులు నాలుగు దిక్కులను చూచుచున్నవి. పడమట లాడ్ బజారు వైపు నిలిచినచో మన వెనుకనున్న సూర్యుని చివరి కాంతి సున్నపు పనితనముపై పడును. తూర్పున సర్దార్ మహల్ వైపు నిలిచినచో ఎర్రని ఆకాశము ముందు నల్లని ఆకృతి కనిపించును. ఏది కావలెనో ముందే తేల్చుకొనవలెను.

కెమెరాను ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 8 వద్ద నిలిపి, షట్టరును 2 సెకండ్లతో ఆరంభించి, చీకటి ముదిరిన కొలది 4, 8 సెకండ్లకు పెంచవలెను. దీపములు తెల్లని మచ్చలైనచో సమయము తగ్గించవలెను. చేయి తగిలి కదలకుండ టైమరు వాడుట మేలు. ఫోనైనచో గోడకు ఆనించి పట్టవలెను. కెమెరాను పైకెత్తిన మినారులు వెనుకకు ఒరిగినట్లుండును. దూరము జరిగి సమముగా పట్టినచో ఆ దోషము తొలగును. రక్షిత కట్టడముల ఆవరణలో ముక్కాలి స్టాండు నిలుపుటకు పురావస్తు శాఖ అనుమతి కావలెను.

మనకు అనువైన ఆ వేళయే మగ్రిబ్ నమాజు వేళ. పక్కనే మక్కా మసీదున్నది. ప్రార్థనకు పోవువారి దారికి అడ్డు నిలువరాదు. ప్రార్థించువారి ముఖములపైకి కెమెరా ఎత్తరాదు. గాజుల వర్తకుని చిత్రము కావలెనన్నచో ఒక మాట అడిగి తీయుట మర్యాద.

ఇంతకును ఈ శ్రమ దేనికి? చార్మినార్‌పై గడియారములు 1889లో అమర్చబడినవి. అవి లేని చిత్రము అంతకు పూర్వపుదని చూడగానే తెలియును. 2019 మేలో ఒక మినారు నుండి సున్నపు అలంకారములో కొంత భాగము ఊడిపడినది. అట్టివేళ పూర్వపు చిత్రమే మరమ్మతునకు సాక్ష్యము. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజు పలకలపై తీసిన చిత్రములు నేడు చరిత్రకు ఆధారములైనవి.

దూరపు ఉదాహరణలేల? మన పొరుగున పాల్వంచలో, పాత థర్మల్ కేంద్రపు ఎనిమిది కూలింగ్ టవర్లు దశాబ్దములపాటు మాపటి ఆకాశమున మనకు ఆనవాలుగా నిలిచి, 2024 ఆగస్టు 5న కూల్చివేయబడినవి. రోజూ కనిపించునదే కదా యని మనలో ఎందరు వానిని చిత్రించి యుందురు? ఇక ఆ అవకాశము రాదు.

కావున మన అభ్యాసము మన ఊరినుండియే మొదలు కావలెను. చిత్రము తీసిన తేది, వేళ, నిలిచిన దిక్కు తప్పక వ్రాసి ఉంచవలెను. అవి లేని చిత్రము కంటికి వేడుక. అవి ఉన్న చిత్రము రేపటివారికి సాక్ష్యము.