వానల్లో కానుగ బయోడీజిల్: ట్రాక్టరు యజమానులకు సూచనలు

కానుగ నూనె డీజిల్‌కు ప్రత్యామ్నాయమే. అయితే గానుగ నుంచి వచ్చింది వచ్చినట్టు ట్యాంకులో పోయడానికి పనికిరాదు. 40 డిగ్రీల వేడిలో డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోకులైతే కానుగ నూనెది 40కి అటూ ఇటుగా ఉంటుంది. ఇంత చిక్కటి నూనెను నాజిల్ సన్నని తుంపరగా చిమ్మలేదు. పెద్ద చుక్కలు పూర్తిగా కాలక నాజిల్ మూతికి మసి గడ్డకడుతుంది, పిస్టన్ రింగులు గాడుల్లో బిగుసుకుంటాయి, కాలని నూనె కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌ను జిగురు చేస్తుంది. మెల్లగా తిరిగే పాత ఆయిల్ ఇంజిన్లు కొన్నాళ్లు ఓర్చుకుంటాయి, నేటి ట్రాక్టర్లు ఓర్చుకోవు. 1900 పారిస్ ప్రదర్శనలో వేరుశనగ నూనెతో డీజిల్ ఇంజిన్ నడిచిన మాట నిజమే గానీ, ఆ కథ చెప్పి పచ్చి నూనె అంటగట్టేవారి మాట నమ్మరాదు.

నూనెకు మిథనాల్, కాస్టిక్ సోడా కలిపి గ్లిజరిన్‌ను విడదీస్తే బయోడీజిల్ అవుతుంది. 100 కిలోల నూనెకు సుమారు 11 కిలోల మిథనాల్ పడుతుంది. మిథనాల్ విషం, దాని ఆవిరికే నిప్పంటుకుంటుంది. పెరట్లో చేసే పని కాదు. వానాకాలంలో అసలు చిక్కు తడిసిన గింజలది. తేమ తగిలిన గింజ నూనెలో ఆమ్లాలు పెరుగుతాయి. అవి 2 శాతం దాటితే సోడా వేయగానే సబ్బు కడుతుంది. అందుకే గింజలు ఎండబెట్టనిదే గానుగకు పంపకూడదు. నూనె తీశాక మిగిలిన చెక్క పొలానికి నత్రజని ఎరువు.

బయోడీజిల్ డీజిల్ కన్నా ఎక్కువ తేమ పీలుస్తుంది. సగం ఖాళీగా ఉన్న డ్రమ్ములో వానాకాలం రాత్రుల చెమ్మ నీరై అడుగున చేరుతుంది. నీటికీ నూనెకీ నడుమ సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టరును మూసేస్తాయి. ఫిల్టరు అడుగు స్క్రూ వదులుచేసి నీరు వదిలేయాలి. పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని బయోడీజిల్ కరిగిస్తుంది కాబట్టి మొదట్లో ఫిల్టర్లు త్వరగా మార్చాలి. సహజ రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి.

బయోడీజిల్ పేరుతో రోడ్డుపక్క చౌకగా అమ్మేదంతా బయోడీజిల్ కాదు. ఐఎస్ 15607 ప్రమాణ పరీక్ష నివేదిక చూపనివాడి దగ్గర కొనకూడదు. అనుమానముంటే గాజుసీసాలో సమానంగా నీళ్లు కలిపి గిలక్కొట్టాలి. అరగంటలో తేటగా విడిపోక మధ్యలో తెల్లటి పొర నిలిస్తే సబ్బు మిగిలినట్టే. తేటగా విడిపోయినంత మాత్రాన మేలు సరుకని కూడా కాదు. మైలేజీ పెరుగుతుందనే మాట అబద్ధం: లీటరుకు శక్తి డీజిల్ కన్నా సుమారు 8 శాతం తక్కువ. ఆ లోటు పూడుస్తుందంటూ అమ్మే డబ్బా మందులకు పైసా పెట్టనక్కర్లేదు. డీజిల్‌లో బయోడీజిల్ ఎంత శాతం కలపవచ్చో ట్రాక్టరు పుస్తకంలో చూడాలి, డీలరు నోటిమాట చాలదు.

డీజిల్‌కు బదులుగా చెప్పే మిగతావాటి గురించి క్లుప్తంగా. జట్రోఫా గింజలు విషం. 2003 తర్వాత ఎంతో ప్రచారం జరిగినా మెట్ట పొలాల్లో దిగుబడి ఆశించినంత రాలేదు. కిరోసిన్‌కు జారుడు గుణం తక్కువ, పంపు అరుగుతుంది. ఎథనాల్ డీజిల్‌తో నిలకడగా కలవదు. గోబర్ గ్యాస్ డీజిల్ ఇంజిన్‌లో ఒంటరిగా మండదు. కొంత డీజిల్ తోడుంటే బావి దగ్గర స్థిరంగా ఉండే పంపుసెట్టుకు సరిపోతుంది.